నా గదిలో న్యూరోఫీడ్‌బ్యాక్‌కి ఎంత చోటిచ్చాను

నేను శ్రీకాకుళంలో క్లినికల్ సైకాలజిస్టుగా ప్రాక్టీసు చేస్తున్నాను. "మేడమ్, న్యూరోఫీడ్‌బ్యాక్ మెషీన్ తీసుకోమంటారా?" అని ఈమధ్య విజయనగరం నుంచీ పలాస నుంచీ తోటి కౌన్సెలర్లు తరచూ ఫోన్ చేస్తున్నారు. ఫోన్లో రెండు ముక్కల్లో తేలే విషయం కాదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. ఆ మెషీన్ నా గదిలోకి ఎలా వచ్చింది, ఎవరికి వాడుతున్నాను, ఎవరికి వద్దంటున్నాను, దాన్ని ఎంతవరకు నమ్ముతున్నాను అన్నది నా అనుభవంలోంచే చెబుతాను. నా దగ్గరకు వచ్చినవాళ్ల వివరాలు మాత్రం ఎవరూ గుర్తుపట్టకుండా మార్చాను.

తెలియనివారి కోసం కొంచెం నేపథ్యం. మెదడు కణాలు పనిచేసేటప్పుడు పుట్టే విద్యుత్తు తల చర్మం మీదకు వచ్చేసరికి మైక్రోవోల్టుల్లోకి, అంటే వోల్టులో పది లక్షల వంతుల్లోకి దిగిపోతుంది. దాన్ని మనిషి తల మీద నుంచి మొదటిసారి నమోదు చేసింది జర్మనీలోని యేనాలో పనిచేసిన మానసిక వైద్యుడు హాన్స్ బెర్గర్. నమోదు చేసింది 1924లో, ప్రచురించింది 1929లో. ఆస్పత్రుల్లో మనం చూసే ఈఈజీ అక్కడి నుంచి వచ్చిందే. ఆ అలల్ని అప్పటికప్పుడు మనిషికే తెర మీద చూపించి, కావలసిన అల పెరిగినప్పుడు ఒక చిన్న శబ్దమో బొమ్మ కదలికో ఇచ్చి, మెదడుకి దాన్ని అలవాటు చేయడం న్యూరోఫీడ్‌బ్యాక్. 1960ల్లో అమెరికాలో జో కమియా అనే మనస్తత్వ శాస్త్రవేత్త, మనుషులు తమ ఆల్ఫా అలల్ని, అంటే కళ్లు మూసుకుని స్థిమితంగా ఉన్నప్పుడు వచ్చే అలల్ని, గుర్తుపట్టడమే కాదు, పెంచుకోగలరని కూడా చూపించాడు. అదే కాలంలో బ్యారీ స్టెర్మన్ పిల్లుల మెదడులో సెకనుకి 12 నుంచి 15 సార్లు కదిలే ఒక లయను ఆహారం ఆశ చూపించి పెంచాడు. తర్వాత రాకెట్ ఇంధనం విషప్రభావం మీద పరీక్షలు జరిగినప్పుడు, ఆ శిక్షణ పొందిన పిల్లులు మూర్ఛకు మిగతావాటికంటే ఎక్కువ తట్టుకున్నాయి. 1972లో మూర్ఛ ఉన్న మనిషి మీద, 1976లో జోయెల్ లూబార్ చేతిలో అతిచురుకుదనం ఉన్న పిల్లవాడి మీద అదే దారిలో ప్రయోగాలు వచ్చాయి.

మెషీన్లు అమ్మడానికి వచ్చేవాళ్లు ఈ పిల్లుల కథతోనే మొదలుపెడతారు. కథ నిజమే. కానీ అది యాభై ఏళ్ల కిందటి మాట. ఆ తర్వాత ఏం తేలిందన్నది వాళ్లు చెప్పరు. దాని సంగతి తర్వాత రాస్తాను.

నేనెందుకు దీనివైపు చూశానంటే, మా దగ్గర మనిషి "నా మనసు బాగోలేదు" అంటూ రాడు. గుండె దడ అంటాడు, బుర్ర బరువంటాడు, నిద్ర లేదంటాడు, కడుపులో మంట అంటాడు. అప్పటికే ఈసీజీలూ స్కానింగులూ అయిపోయి ఉంటాయి. అన్నీ నార్మల్ అని వచ్చాక, "అయితే నాకేటీ లేదంటారా?" అని కోపంతో వస్తాడు. అలాంటివాళ్లకు మాటలతో తలుపు తెరుచుకోవడానికి చాలా వారాలు పడుతుంది. ఆ వారాలు దొరకవు. టెక్కలి నుంచో నరసన్నపేట నుంచో బస్సెక్కి వచ్చినవాడికి ఒక రోజు కూలి పోతుంది. ఒంట్లో జరిగేది కంటికి కనబడేలా చూపించగలిగితే మాట త్వరగా మొదలవుతుందేమోనని నాకు ఆశ. బెంగళూరు నిమ్‌హాన్స్‌లో తలకు దెబ్బలు తగిలిన రోగులతో న్యూరోఫీడ్‌బ్యాక్ మీద పరిశోధనలు జరిగాయని చదివి ఉన్నాను కాబట్టి ఇది గాలి కబురు కాదని కూడా తెలుసు.

కొనడానికి ముందు శిక్షణ తీసుకున్నాను. ఈ పని చేసేవాళ్లకు ధ్రువపత్రాలిచ్చే బీసీఐఏ అనే అంతర్జాతీయ సంస్థ 1981 నుంచి ఉంది. దాని పాఠ్యక్రమం ప్రకారం చెప్పేవాళ్ల దగ్గర ఆన్‌లైన్లో చదివాను. తర్వాత అనుభవం ఉన్నవారు నా సెషన్లు చూసి సరిదిద్దారు. ఆ శిక్షణలో నాకు బాగా నచ్చింది, ఇంకొకరి తల ముట్టుకునే ముందు మన తలకే తీగలు తగిలించుకుని కూర్చోవాలన్న నియమం. కూర్చున్నాను. టింగుమనే శబ్దం రావాలి, రావాలి అనుకున్నంతసేపూ నుదురు బిగుసుకుపోయింది, శబ్దం రాలేదు. విసుగొచ్చి వదిలేసి ఊరికే కూర్చున్న కాసేపటికి వరసగా మోగింది. "గట్టిగా ప్రయత్నించు" అని ఏ పిల్లవాడికీ చెప్పకూడదని పుస్తకంలో చదవడం వేరు, అది నా నుదుటి మీద తెలియడం వేరు.

ఇక గది. దీని గురించి ఎవరూ చెప్పరు కాబట్టి కాస్త ఎక్కువే రాస్తాను. మైక్రోవోల్టుల్ని కొలిచే యంత్రానికి గోడలోని కరెంటే పెద్ద శత్రువు. మన కరెంటు 50 హెర్ట్జ్, అంటే సెకనుకి 50 సార్లు ఊగుతుంది. ఎర్తింగు సరిగా లేని పాత ఇంట్లో ఆ 50 మొత్తం తెర మీదకు వచ్చి కూర్చుంటుంది. నాది ఏడు రోడ్ల జంక్షన్‌కి దగ్గర్లో ఒక పాత డాబా మేడ మీది గది. ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ముందు ఎర్తింగు వేయించాను. సెషన్ జరిగేటప్పుడు లాప్‌టాప్ ఛార్జర్ పీకేసి బ్యాటరీ మీదే నడుపుతాను. ఇన్వర్టర్ని పక్క గదిలోకి మార్పించాను. సీలింగు ఫ్యాను తిరిగితే తీగలు ఊగి అలల్లో వణుకు కనబడుతుంది, ఆపితే మే నెలలో మనిషికి చెమట. ఆ చెమట వల్ల నెమ్మదిగా పైకీ కిందకీ తేలే దొంగ అలలు వస్తాయి, కొత్తవాళ్లు వాటిని మెదడు నుంచి వచ్చే నెమ్మది అలలు, అంటే డెల్టా అనుకునే ప్రమాదముంది. చివరికి గదిని ముందే ఏసీతో చల్లబరిచి, ఎండాకాలం సెషన్లన్నీ పొద్దున్న పెట్టుకుంటున్నాను.

తర్వాతి సంగతి కొబ్బరినూనె. మన వైపు పిల్లల తలకు నూనె పెట్టకుండా బయటకు పంపే తల్లి ఉండదు. నూనె ఉన్న తల మీద ఎలక్ట్రోడ్, అంటే అలల్ని పట్టే తీగ కొన, అతకదు, అతికినా సంకేతం రాదు. అందుకని ముందురోజు తలంటుకుని నూనె రాయకుండా రమ్మని అపాయింట్‌మెంట్ చీటీ మీదే రాస్తున్నాం. అయినా నూనెతో వచ్చేవాళ్లు వస్తారు. వాళ్లని తిప్పి పంపను, ఆ రోజు మాట్లాడే సెషన్ చేస్తాను.

తీగ పెట్టే పద్ధతి ఇలా ఉంటుంది. ముక్కు మొదట్లో కనుబొమల మధ్య గుంట నుంచి తల వెనక ఎముక బొడిపె దాకా టేపుతో కొలుస్తాను, సగం దగ్గర గుర్తు. ఒక చెవి ముందు నుంచి రెండో చెవి ముందు దాకా కొలుస్తాను, మళ్లీ సగం. రెండూ కలిసే చోటు నడినెత్తి, మా భాషలో సీజెడ్. 1958లో ఖరారైన టెన్-ట్వంటీ పద్ధతి ఇది, ప్రపంచమంతా ఇదే కొలత. అక్కడ వెంట్రుకలు పాయ తీసి, గరుకుగా ఉండే జెల్‌తో చర్మాన్ని మెల్లగా రుద్ది, తెల్లటి పేస్టు పెట్టి, చిన్న గిన్నెలాంటి ఎలక్ట్రోడ్‌ని అద్దుతాను. రెండు చెవి తమ్మెలకూ క్లిప్పులు. అప్పుడు యంత్రం ఆ అతుకు దగ్గర విద్యుత్తుకి ఎంత అడ్డుందో కిలో ఓముల్లో చూపిస్తుంది, ఎంత తక్కువైతే అతుకు అంత బాగున్నట్టు. 5 కంటే తగ్గేదాకా నేను సెషన్ మొదలుపెట్టను. ఈ పది నిమిషాలు నాకు చాలా ముఖ్యం. తల దువ్వినట్టు జుట్టు పాయ తీస్తున్నప్పుడు పిల్లలు బడి కబుర్లు వాళ్లంతట వాళ్లే చెబుతారు. కుర్చీలో ఎదురుగా కూర్చోబెట్టి అడిగితే రాని మాటలు అప్పుడు వస్తాయి.

"ఏటమ్మా, బుర్రకి కరెంటు పెడతారేటి?" అని దాదాపు ప్రతి కుటుంబమూ అడుగుతుంది. మానసిక చికిత్స అనగానే షాక్ ట్రీట్‌మెంట్ గుర్తుకొస్తుంది మరి. థర్మామీటర్ జ్వరం చూస్తుందే గానీ ఒంట్లోకి వేడి పంపదు కదా, ఇదీ అంతేనమ్మా, చూస్తుందంతే అని చెబుతాను. చెప్పి ఊరుకోను. ముందు తల్లికో తండ్రికో పెట్టి చూపిస్తాను. కన్ను ఆర్పమంటే తెర మీద గీత ఎగిరిపడుతుంది. పళ్లు కొరకమంటే గీత దట్టంగా నల్లబడిపోతుంది. తల వెనక పెట్టి కళ్లు మూయమంటే సెకనుకి 10 చొప్పున గుండ్రటి ఆల్ఫా అలలు వరసకట్టి వస్తాయి, కళ్లు తెరవగానే పోతాయి. బెర్గర్ చూసింది ఇదే. ఒక తండ్రి దీన్ని మళ్లీ మళ్లీ చేయించుకుని, "అయితే ఇది నా లోపల్దేనా!" అన్నాడు. ఆ క్షణం నుంచి మా మాట వేరుగా నడిచింది.

బాగా గుర్తుండిపోయిన మనిషి ఒకాయన ఉన్నారు. ఉద్దానం వైపు కొబ్బరి రైతు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు కళ్ల ముందే తోట కూలిపోయింది. ఏళ్లు గడిచినా రాత్రి గాలి గట్టిగా వీస్తే లేచి కూర్చుంటారు, మళ్లీ పడుకోలేరు. సైకియాట్రిస్టు గారు మందులు రాసి, మాట్లాడే చికిత్స కోసం నా దగ్గరకు పంపారు. ఆయనేమో మాట్లాడరు. "చెప్పడానికేటుంది తల్లీ, పోయినాయి" అని ఊరుకుంటారు. తీగలు పెట్టి చూస్తే 20 హెర్ట్జ్ పైన వేగం అలలు తెర నిండా ఉన్నాయి. ఆందోళనలో బీటా అనే వేగపు అలలు పెరుగుతాయని పాఠాల్లో ఉంటుంది, ఇది కూడా అదేననిపించేలా ఉంది. కానీ దవడ వదులు చేయమని అడిగితే సగానికి పైగా అలలు మాయమయ్యాయి. అది మెదడు నుంచి వచ్చింది కాదు, బిగబట్టిన పళ్ల నుంచి వచ్చిన కండరాల విద్యుత్తు. యంత్రం లెక్కలో అది చెత్త, తీసిపారేయాల్సిన సంకేతం. నాకు మాత్రం అదే దారి చూపించింది. ఆయన పగలంతా పళ్లు కొరుక్కునే ఉన్నారు, ఆ సంగతి ఆయనకే తెలియదు. మొదటి కొన్ని సెషన్లు దవడ వదలడం మీదే చేశాం. తెర మీద గీత పలచబడితే పడవ కదిలే ఆట పెట్టాను. దవడ వదిలాక ఊపిరి వదిలారు, ఊపిరి తర్వాత ఒకరోజు ఆ తెల్లవారుజామున ఏం చూశారో చెప్పడం మొదలుపెట్టారు. అక్కడి నుంచి చేసిందంతా మామూలు చికిత్సే, తీగలు లేకుండా. ఇప్పుడు గాలి వీస్తే మెలకువ వస్తుంది గానీ మళ్లీ నిద్రపడుతోందని చెబుతున్నారు. ఇందులో న్యూరోఫీడ్‌బ్యాక్ చేసింది ఎంత అంటే, చిన్న భాగం. ఆ చిన్న భాగం లేకపోతే మిగతాది మొదలయ్యేదా అంటే, కష్టమే.

పిల్లల దగ్గరకు వద్దాం. ఎక్కువ మంది అడిగేది వీళ్ల కోసమే. "మా గుంటడికి సదువు మీద ధ్యాస లేదమ్మా, మెషీన్ పెట్టండి" అని వస్తారు. పెట్టే పద్ధతి ఈ రంగంలో అందరికీ తెలిసిందే. నడినెత్తి మీద 4 నుంచి 8 హెర్ట్జ్ ఉండే తీటా అనే నెమ్మది అలలు తగ్గాలి, 12 నుంచి 15 లయ పెరగాలి. వారానికి రెండు మూడు సార్లు, మొత్తం 30 నుంచి 40 సెషన్ల దాకా అంటారు. అయితే ఆ తల్లిదండ్రులకు నేను ముందు చెప్పేది 2021లో వచ్చిన ఒక అమెరికా పరిశోధన గురించి. ఏడీహెచ్‌డీ, అంటే ధ్యాస నిలవకపోవడం, అతిచురుకుదనం ఉన్న 7 నుంచి 10 ఏళ్ల పిల్లలు 140 మందికి పైగా పాల్గొన్నారు. కొందరికి అసలు న్యూరోఫీడ్‌బ్యాక్, కొందరికి ముందే రికార్డు చేసిన అలలతో ఉత్తుత్తి న్యూరోఫీడ్‌బ్యాక్, అందరికీ 38 సెషన్ల దాకా. ఎవరికి ఏది వచ్చిందో పిల్లలకూ తెలియదు, తల్లిదండ్రులకూ తెలియదు. చివరికి రెండు గుంపులూ బాగా మెరుగయ్యాయి. రెండింటి మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు. ఏడాది పైన గడిచాక చూసినా ధ్యాస విషయంలో అదే ఫలితం.

ఇది చదివిన రోజున నేను చాలా సేపు ఆలోచించాను. మెరుగవడం నిజం, ఆ మెరుగుదల అలల శిక్షణ వల్లే అని చెప్పలేకపోవడం కూడా నిజం. మరి దేని వల్ల? వారానికి మూడుసార్లు ఒక పెద్ద మనిషి ఆ పిల్లవాడి మీదే దృష్టి పెట్టి కూర్చుంటోంది. తిట్లు లేవు. కదలకుండా కూర్చోవడానికి కారణం ఉంది, కూర్చుంటే మెప్పు ఉంది. నిద్ర ఎంతసేపు, పొద్దున్న ఏం తిన్నాడు అని ఎవరో ప్రతిసారీ అడుగుతున్నారు. తల్లి ఆశతో చూస్తోంది, ఆ ఆశ ఇంట్లో మాట తీరును మారుస్తుంది. ఇవన్నీ పనిచేసేవే. అలాంటప్పుడు ఇవన్నీ తక్కువ ఖర్చుతో ఇవ్వగలిగితే, నలభై సార్లు ఇచ్ఛాపురం నుంచి రప్పించే హక్కు నాకుందా?

ఈ ప్రశ్నే నా పద్ధతిని తేల్చింది. పిల్లల్లో ధ్యాస సమస్యకు న్యూరోఫీడ్‌బ్యాక్ మొదటి చికిత్సగా ఇవ్వను. ముందు పిల్లల సైకియాట్రిస్టు చూడాలి, చూపూ వినికిడీ పరీక్షలు కావాలి, తల్లిదండ్రులకు శిక్షణ, బడిలో టీచరుతో మాట. మందులు రాస్తే మందులు. వాటితోపాటు, ఊళ్లోనే ఉండి, బడి చదువు పోకుండా రాగలిగినవాళ్లకు మాత్రమే, పరిశోధన సంగతి పూర్తిగా చెప్పి, రాసి సంతకం తీసుకుని మొదలుపెడతాను. పది సెషన్ల దగ్గర ఆగి చూస్తాం. ఇంట్లోనూ బడిలోనూ ఏ మార్పూ లేకపోతే అక్కడితో మానేస్తాం. మానేసినవాళ్లు ఉన్నారు. మానేయమన్నందుకు నొచ్చుకున్నవాళ్లూ ఉన్నారు, "డబ్బులిస్తామంటే మీకేటి" అని. నొచ్చుకున్నా సరే, అక్కడ తగ్గను.

డబ్బు సంగతి కూడా చెప్పాలి. మంచి యాంప్లిఫయర్, సాఫ్ట్‌వేర్, శిక్షణ అన్నీ కలిపి లక్షల్లో మాట. అమ్మినాయన ఇచ్చిన సలహా ఏమిటంటే, నలభై సెషన్ల ప్యాకేజీ పెట్టి ముందే కట్టించుకోమని. బయట చాలాచోట్ల అదే నడుస్తోంది. నేను ఒప్పుకోలేదు. ముందే డబ్బు కట్టిన తల్లి పదో సెషన్ దగ్గర మార్పు లేదని నిజం చెప్పలేదు, కట్టించుకున్న నేను ఆ నిజం వినలేను. తీగలు పెట్టినా పెట్టకపోయినా నా దగ్గర సెషన్ ఫీజు ఒక్కటే. మెషీన్ పెట్టుబడి తిరిగి రావడానికి ఎక్కువ కాలం పడుతుంది, పట్టనీ. ఫీజు ఒక్కటే కాబట్టి ఈ రోజు తీగలు కావాలా మాట కావాలా అన్నది ఎదురుగా ఉన్న మనిషిని చూసి తేల్చుకోగలుగుతున్నాను.

గట్టిగా పాటించే నియమాలు ఇంకొన్ని ఉన్నాయి. మాత్రలు ఆపేస్తామంటే తీగలు పెట్టను. ఈ మెషీన్ వచ్చాక "ఇంక మందులెందుకు" అనేవాళ్లు ఎక్కువయ్యారు, కాబట్టి సైకియాట్రిస్టు గారికి నెలకోసారి రెండు పంక్తుల ఉత్తరం నేనే పంపుతాను. మూర్ఛ అనుమానం ఉన్నా, అలల్లో ఏదైనా తేడాగా అనిపించినా నేను అర్థం చెప్పను, విశాఖ కేజీహెచ్ న్యూరాలజీకి రాస్తాను. నా దగ్గరున్నది శిక్షణ యంత్రం, రోగం తేల్చేది కాదు. ఆత్మహత్య ఆలోచనలున్న మనిషికి తీగలూ ఆటలూ ఆ సమయంలో అస్సలు కాదు. ఇంటివాళ్లను కూర్చోబెట్టి భద్రత గురించి మాట్లాడి, అర్ధరాత్రి అవసరమైతే ప్రభుత్వ మానసిక సహాయ ఫోన్ సేవ టెలిమానస్ 14416 నంబరు గోడ మీద రాసుకోమని చెప్పి, ఆ రోజే డాక్టరు దగ్గరకు పంపుతాను. సెషన్ తర్వాత తలనొప్పి, చిరాకు, నిద్ర తేడా వచ్చాయంటే శిక్షణ మార్చడమో ఆపడమో చేస్తాను. ఇది ఒట్టి ఆట, దీనివల్ల ఏమీ కాదు అనే మాట నేను ఎవరికీ చెప్పను.

ఎక్కువ ఉపయోగపడుతున్నది ఎవరికంటే, గ్రూప్స్‌కీ డీఎస్సీకీ కూర్చుని టెన్షన్‌తో నిద్రపోలేని కుర్రాళ్లకు, మనసులో మాట బయటపెట్టలేని మగవాళ్లకు, ఒంటి బాధలతో తిరిగి తిరిగి వచ్చినవాళ్లకు. అదీ మొదటి కొద్ది వారాలు. బిగువు అంటే ఏమిటో, వదలడం అంటే ఏమిటో వాళ్లకు ఒంట్లో తెలిసిపోతే తీగలు తీసేస్తాను. మెషీన్ లేకుండా ఇంట్లో అదే చేయగలరా అన్నదే నేను చూసేది.

ఈ జూన్‌లో బడులు తెరిచాక ఇంకో పని మొదలుపెడుతున్నాను. ధ్యాస సమస్యతో నా దగ్గరకు వచ్చే పిల్లల గురించి, తల్లిదండ్రుల అనుమతితో, క్లాసు టీచరు దగ్గర నెలకోసారి ఒక కాగితం నింపించుకుంటాను. పిల్లవాడికి తీగలు పెడుతున్నామో ఊరికే మాట్లాడుతున్నామో టీచరుకి చెప్పను. నా కంటికీ తల్లి కంటికీ ఆశ ఉంటుంది, టీచరు కంటికి ఆ ఆశ ఉండదు. పాఠం వింటున్నాడా, మొదలుపెట్టిన లెక్క పూర్తి చేస్తున్నాడా, పక్కవాడితో గొడవలు తగ్గాయా వంటి ప్రశ్నలు మన టీచర్లకు అలవాటైన తెలుగులో ఒక పేజీలో పట్టేలా రాసుకున్నాను. ఈ జిల్లాలో గానీ విజయనగరంలో గానీ ఎవరైనా న్యూరోఫీడ్‌బ్యాక్ మొదలుపెడుతుంటే ఆ కాగితం అడగండి, పంపిస్తాను. మీ దగ్గర నింపినవి, నా దగ్గర నింపినవి పేర్లు తీసేసి పక్కపక్కన పెట్టి చూద్దాం.